వంకాయ మంచిదేనా, దురదా కీళ్లనొప్పులూ వస్తాయా?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో వంకాయ తరచుగా వండుతారు, షుగర్‌కి మంచిదని ఒకరంటే, ఒంటికి పడదు, దురదా కీళ్లనొప్పులూ వస్తాయని ఇంకొకరంటున్నారు, ఎవరి మాట వినాలి అని.

మాది గోదావరి వైపు. మా అత్తగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, మా అక్కకేమో వంకాయ అసలు పడదు. కాబట్టి ఈ పంచాయితీ మా ఇంట్లో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. నా మట్టుకు నేను చూసిందాన్ని బట్టి, చాలామంది వంకాయ మీద వేసే నిందలో సగం నూనె మీద వేయాల్సింది.

పావుకిలో వంకాయలన్నీ కలిపినా 60, 65 కేలరీలకు మించవు. 100 గ్రాములకు పిండిపదార్థం 6 గ్రాముల లోపే, పీచు 3 గ్రాముల దాకా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇది తేలికైన కూరగాయే. ఇక నూనె సంగతి చూడండి. ఒక టేబుల్ స్పూను నూనె అంటే 120 కేలరీలు. గుత్తివంకాయకి నాలుగు స్పూన్లు పోస్తే నూనెవే 480. పైన వేరుశనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి సరేసరి. పచ్చి కాయలో గాలి ఎక్కువ, మూకుట్లో వేయగానే నూనె అంతా లాగేస్తుంది. అది చూసి మనం ఇంకో గరిటె పోస్తాం.

డాక్టరుగారు మా అత్తగారిని వంకాయ మానమనలేదు, నూనె తగ్గించమన్నారు. అప్పటి నుంచి నేను గుత్తివంకాయ ఇలా చేస్తున్నాను. లేత కాయల్ని చీల్చి ఉప్పునీళ్లలో వేసి, తీసి ఇడ్లీ రేకుల్లో పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఆవిరి పట్టిస్తాను. కాయ సగం మగ్గి కాస్త కుంగుతుంది. అలా మెత్తబడ్డ కాయ ఇక నూనె పెద్దగా పీల్చదు. చల్లారాక కారం కూరి, రెండు టీస్పూన్ల నూనెతో సన్న సెగ మీద మూతపెట్టి, మూత మీద కాసిని నీళ్లు పోసి వదిలేస్తాను. మొదటిసారి తిని "ఇది ఆసుపత్రి కూరలా ఉందే" అన్నారావిడ. కూరే కారంలో ధనియాలు బాగా వేయించి కచ్చాపచ్చాగా దంచి వేయడం మొదలుపెట్టాక ఆ మాట మళ్లీ వినలేదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. వంకాయ కూర ఉన్న రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే పోతుంది. మర్నాడు మిషన్‌లో షుగర్ పెరిగి కనిపిస్తే నింద మాత్రం కూరకి! వంకాయ నానబెట్టిన నీళ్లు తాగితే కొలెస్ట్రాల్ కరిగిపోతుందని వాట్సాప్‌లో తిరిగేదాన్ని నమ్మి మాత్రలు మానకండి. దానికి గట్టి ఆధారం లేదు.

తొక్క తీయకుండా వండుకోండి. ఊదా రంగునిచ్చే నాసునిన్ అనే పదార్థం తొక్కలోనే ఉంటుంది, అది యాంటీఆక్సిడెంట్. కోసిన ముక్క నల్లబడడానికి కారణమైన క్లోరోజెనిక్ ఆమ్లం కూడా ఆ కోవలోదే. కాల్చిన వంకాయ పచ్చడిలో తొక్క ఎలాగూ పోతుంది, కానీ దానికి తిరగమోత నూనె తప్ప ఇంకేం పట్టదు. షుగర్ ఉన్న ఇంట్లో నా ఓటు దానికే.

దురద మాత్రం ఉత్త నమ్మకం కాదు. మా అక్క తిన్న కాసేపటికే పెదాల చుట్టూ చిమచిమలాడుతుంది, గొంతులో గరగర. మైసూరులో పరిశోధకులు 2008 ప్రాంతంలో 740 మందిని అడిగితే, దాదాపు 9 శాతం మంది వంకాయ తింటే ఏదో ఒక ఇబ్బంది ఉందన్నారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పరీక్షలు చేసి చూస్తే అసలైన అలర్జీ ఒక్క శాతానికి కూడా తక్కువే తేలింది. మిగతావాళ్లలో కొందరికి వంకాయలో సహజంగా ఉండే హిస్టమిన్ (దురద పుట్టించే పదార్థం) లాంటివి పడకపోవచ్చు. మా అక్కకి గింజ ముదిరిన కాయలతో ఇబ్బంది మరీ ఎక్కువ. "కొంచెం కొంచెం తింటే అలవాటవుతుంది" అని ఇంట్లో ప్రయోగాలు చేయకండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడనట్టున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కీళ్లనొప్పుల మాటకొస్తే, వంకాయలో సోలనిన్ అనే సహజమైన విషపదార్థం ఉంటుంది కాబట్టి నొప్పులు వస్తాయంటారు. మామూలుగా తినే కాయలో అది చాలా తక్కువ, నొప్పులు తెస్తుందనడానికి సరైన రుజువు లేదు. టమాటా, మిర్చి, బంగాళాదుంప కూడా ఇదే కుటుంబం. మా వీధిలో ఒక పెద్దాయన నొప్పులకి భయపడి వంకాయ మానేసి, రోజూ టమాటా పప్పులోకి పచ్చిమిర్చి నంజుకుంటారు!

ఆపరేషన్ అయినవాళ్లకి కుట్లు చీము పడతాయని వంకాయ పెట్టరు కదా. ఆ పథ్యం వెనక వైద్యం ఏమీ కనబడదు. అలర్జీ లేకపోతే, నూనె లేకుండా మెత్తగా ఉడికించింది డాక్టరుని అడిగి పెట్టొచ్చు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు కూడా దీనికి హడలిపోనక్కర్లేదు, రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ పాలకూరతో పోలిస్తే దీనిలో చాలా తక్కువ. కిడ్నీ జబ్బు ముదిరి పొటాషియం కొలిచి తినాల్సినవాళ్లు మాత్రం ఎంత తినొచ్చో అడగాలి, 100 గ్రాముల్లో 230 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది.

నన్నడిగితే అసలు భయపడాల్సింది పురుగుమందుకి. కొమ్మనీ కాయనీ తొలిచే పురుగు వంగ మొక్కకి పెద్ద శత్రువు, దానికోసం రైతులు మళ్లీ మళ్లీ కొట్టక తప్పదు. దీనికి విరుగుడుగా, ఆ పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చి తయారుచేసిన బీటీ వంకాయని కేంద్రం 2010 ఫిబ్రవరిలో ఆపేసింది, బంగ్లాదేశ్‌లో మాత్రం పండిస్తున్నారు. మనం చేయగలిగింది కాయల్ని పారే నీళ్ల కింద రుద్ది కడగడం, తొడిమ కింద మురికి చేరుతుంది కాబట్టి అక్కడ చాకుతో గీకేయడం. మందు కాయ లోపలికి దిగి ఉంటే కడిగినా పోదు. అందుకే నేను రైతుబజారులో, నిగనిగలాడే కాయలు పక్కనపెట్టి, ఒకటీ అరా పుచ్చున్న కుప్పలోంచి ఏరుకుంటాను. పుచ్చు ముక్క కోసి పారేస్తే సరిపోతుంది.