మంత్రాల నియమాలకు ఒక్క పేజీ షీట్: ఏం రాయాలి, ఏం వదిలేయాలి

ప్రశ్న: కావలిలో ఐదుగురం కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. ఎవరు స్పెల్ (మంత్రం) వేసినా పుస్తకం తెరవాల్సి వస్తోంది, ఆట ఆగిపోతోంది. ఒక్క పేజీలో చూసుకునేటట్టు షీట్ ఎట్లా చేసుకోవాలి?

జవాబు: మీరు ఆడేది 2014 నియమాల పుస్తకమా, 2024లో సవరించిన పుస్తకమా అన్నది ముందు తేల్చుకుని, ఆ సంవత్సరాన్ని షీట్ పైమూలన పెద్దగా రాయండి. 2014 ప్రకారం బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో మామూలు యాక్షన్ కాక చేసే చిన్న చర్య) స్పెల్ వేస్తే, అదే టర్న్‌లో ఇంకొకటి వేయాలంటే ఒక యాక్షన్ పట్టే కాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగల చిన్న స్పెల్) మాత్రమే కుదురుతుంది. 2024లో ఆ లెక్క మారింది, టర్న్‌కి ఒక్క స్లాట్ (స్పెల్స్ వేయడానికి లెక్కగా ఉండే కోటాలో ఒకటి) మాత్రమే ఖర్చు పెట్టాలి. ఎదుటివాళ్ల స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ కూడా మారింది. నెట్‌లో దొరికే షీట్లు చాలావాటిలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. అట్లాంటిది పెట్టుకుంటే వాదనలు తగ్గకపోగా పెరుగుతాయి.

స్పెల్ వివరాలు ఈ షీట్‌లోకి ఎక్కించొద్దు. ఫైర్‌బాల్ అనే స్పెల్ ఏం చేస్తుందో విజర్డ్ (మాంత్రికుడి పాత్ర) ఆడే మనిషి దగ్గర చీటీ మీద ఉండాలి. అందరికీ వర్తించే నియమాలే షీట్ మీద ఉండాలి, అవి కూడా పుస్తకంలోని వరుసలో కాదు. ‘నేనిది వేస్తున్నా’ అనగానే బల్ల దగ్గర అడిగే ప్రశ్నల వరుసలో రాయండి: ఎంత సమయం పడుతుంది, స్లాట్ ఉందా, చెయ్యి ఖాళీగా ఉందా, అంత దూరం అందుతుందా, దాడి రోలా (వేసేవాళ్లు పాచిక వేయాలా) లేక సేవింగ్ త్రోనా (తప్పించుకోడానికి ఎదుటివాళ్లు వేయాలా), ఇప్పటికే కాన్సంట్రేషన్‌లో (ఒక స్పెల్ నిలవడానికి దాని మీదే ధ్యాస పెట్టి) ఉన్నారా.

ఎక్కువ చోటు కాన్సంట్రేషన్‌కే ఇవ్వండి, ఆట ఆగేది ఎక్కువగా అక్కడే. దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్, అంటే దాని మీద సేవింగ్ త్రో, వేయాలి. పదిగానీ, దెబ్బలో సగంగానీ, ఏది ఎక్కువైతే కనీసం అంత రావాలి. సూత్రం రాసి వదలకుండా లెక్క కట్టి పెట్టండి: దెబ్బ 21 వరకు ఉంటే 10, 22-23కి 11, 24-25కి 12, 30కి 15, 40కి 20. 2024లో ఇది 30 దాటదు. ఒకే టర్న్‌లో రెండు వేర్వేరు దెబ్బలు తగిలితే రెండు సేవ్‌లు, కలిపి ఒకటి కాదు. నడిచినా, కత్తితో కొట్టినా కాన్సంట్రేషన్ పోదు. ఇంకో కాన్సంట్రేషన్ స్పెల్ మొదలుపెట్టినా, స్పృహ తప్పినా పోతుంది.

చేతుల సంగతి చాలా షీట్లలో తప్పుగా ఉంటుంది. ఫోకస్ (స్పెల్‌కి కావాల్సిన వస్తువుల బదులు వాడే దండం, గుర్తు లాంటిది) పట్టుకున్న చేత్తోనే సైగలు చేయొచ్చు, కానీ ఆ స్పెల్‌కి వస్తువు కూడా అవసరమైతేనే. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్‌కి మాట, సైగ ఉన్నాయి, వస్తువు లేదు. కాబట్టి ఒక చేతిలో గద, ఇంకో చేతిలో ఫోకస్‌గా పనికొచ్చే దేవుడి గుర్తున్న డాలు పట్టుకున్న క్లెరిక్ (పూజారి పాత్ర) ఒక చెయ్యి ఖాళీ చేసుకోవాలి. హీలింగ్ వర్డ్ అనే స్పెల్‌కి మాట చాలు. ధర రాసి ఉన్న వస్తువుకి ఫోకస్ పనికిరాదు: చనిపోయినవాళ్లని బతికించే రివివిఫైకి 300 బంగారు నాణేల వజ్రాలు ఉండాల్సిందే, అవి ఖర్చైపోతాయి కూడా.

రిచువల్‌కి (స్పెల్‌ని నిదానంగా వేసే పద్ధతి) ఒక్క వరస చాలు: పది నిమిషాలు అదనం, స్లాట్ ఖర్చు లేదు. సేవ్ డీసీ (మీ స్పెల్‌ని తప్పించుకోడానికి ఎదుటివాళ్లకి రావాల్సిన అంకె) సూత్రం ఆటగాడి చీటీలో పెన్సిల్‌తో ఉండాలి: 8, ప్రొఫిషెన్సీ (లెవెల్‌తో పెరిగే బోనస్), ఎబిలిటీ మాడిఫయర్ (ఇంటెలిజెన్స్ లాంటి గుణం వల్ల వచ్చే బోనస్) కలపాలి. ఇంటెలిజెన్స్ 18 ఉన్న ఐదో లెవెల్ విజర్డ్‌కి 8+3+4, అంటే 15. ప్రొఫిషెన్సీ పెరిగే 5, 9, 13, 17 లెవెళ్లలో దీన్ని దిద్దడం మరిచిపోతుంటారు.

దూరాలు అడుగుల్లో కాకుండా గళ్లలో రాయండి, ఒక గడి ఐదు అడుగులు. అంగుళం గళ్ల మ్యాప్ మీద ఫైర్‌బాల్ ఎనిమిది అంగుళాల వృత్తం. స్పైరల్ బైండింగ్‌కి వేసే ఏ ఫోర్ పారదర్శక షీట్ వెడల్పు దానికి సరిగ్గా సరిపోతుంది, కత్తిరించి మ్యాప్ మీద పెట్టుకోవచ్చు. కోన్ ఆకారపు స్పెల్‌కి అవతలి కొస దగ్గర వెడల్పు దాని పొడవంత ఉంటుంది.

నియమం తెలుగులో రాయండి, పేర్లు మాత్రం పుస్తకంలోవే ఉంచండి. ‘ఏకాగ్రత’ అని రాస్తే రేపు పుస్తకంలో వెతకడానికి దారి ఉండదు. అక్షరం 11 పాయింట్ల కంటే తగ్గించొద్దు, వరసల మధ్య ఒకటిన్నర ఎడం ఇవ్వండి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీదకి దిగుతాయి. జిరాక్స్ షాపుకి వర్డ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ తీసుకెళ్లండి, అక్కడ మీ ఫాంట్ లేకపోతే డబ్బాలే వస్తాయి. ప్రింటు లేజర్‌ది అయితే మేలు. మన సముద్రపు గాలి చెమ్మకి, తడి చేతులకి ఇంక్‌జెట్ సిరా అలుక్కుపోతుంది.

లామినేషన్‌కి తొందరపడొద్దు. మామూలు కాగితం మీద మూడు సిట్టింగులు ఆడి, ఎవరైనా చూసిన వరసకల్లా టిక్ పెట్టండి. ఒక్క టిక్ కూడా పడని వరస తీసేయండి. షీట్‌లో లేక పుస్తకం తెరిచిన నియమం ఆ చోట్లో రాసుకోండి.

ఈ షీట్ బయటివాళ్లకి కూడా పంచాలనుకుంటే పుస్తకంలోంచి వాక్యాలు ఎత్తి రాయకండి. 2014 నియమాలకు ఎస్‌ఆర్‌డీ (అందరూ వాడుకునేందుకు ఇచ్చిన నియమాల పత్రం) 5.1ని 2023 జనవరిలో, 2024 నియమాలకు ఎస్‌ఆర్‌డీ 5.2ని 2025లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. వాటి నుంచి తీసుకుని, అందులో అడిగినట్టు మూలం పేరు షీట్ అడుగున ఒక వరస వేస్తే సరిపోతుంది.