రైలు దిగగానే బస్సు అందాలంటే మంచి యాప్ ఉంటే చాలదా?

చాలదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు జరగాల్సింది, రాత్రి ఆఖరి బస్సు రైలు కోసం ఆగడం.

ఒక వానరాత్రి అమ్మతో రైలు దిగాను. రైలు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఎస్కలేటర్ పనిచేయడం లేదు. అమ్మ మోకాళ్ల నొప్పితో రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. మెట్ల మలుపు దగ్గర నుంచి చూస్తే రోడ్డుకు అవతల మా ఆఖరి బస్సు, ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. యాప్ కూడా బస్సు స్టాపులోనే ఉందని చూపిస్తోంది. "నువ్వు పరిగెత్తి ఆపించరా" అంది అమ్మ. తడి మెట్ల మీద ఆవిణ్ణి వదిలేసి ఎలా వెళ్లను? మేం కిందికి చేరేలోపే బస్సు కదిలిపోయింది. డ్రైవర్‌ను ఏమీ అనను, ఆయన తన టైముకే బయల్దేరాడు. రైలు ఇప్పుడే వచ్చింది, రెండు నిమిషాలు ఆగమని ఆయనకు చెప్పే నాథుడే లేడు. రైలు ఎక్కడుందో కంట్రోల్ రూమ్‌కు తెలుసు. ఆ కబురు బస్సు దాకా చేరవేయడం అంత పెద్ద పనా?

పగలైతే టైంటేబుల్ సరిచేస్తే సగం బాధ తీరుతుంది. రైలు 10 నిమిషాలకొకటి, బస్సు 15 నిమిషాలకొకటి నడిపితే రెండూ కలిసేది అరగంటకోసారే. బస్సును 20 నిమిషాలకొకటి చేసినా ప్రతి బస్సుకూ ఒక రైలు కలుస్తుంది. బస్సులు తగ్గినా జనానికి సుఖమే అంటాను నేను. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి రైళ్లు ప్రతి గంటా అవే నిమిషాలకు నడుస్తున్నాయి, అందుకే బస్సుల్ని వాటితో కలపడం తేలిక.

ఇక బస్సు స్టాపును రోడ్డుకు అవతల పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. టొరంటోలో చాలా సబ్‌వే (అక్కడి మెట్రో రైలు) స్టేషన్లలో బస్సు టికెట్ గేటు లోపలికే వస్తుంది. రోడ్డు దాటక్కర్లేదు, మళ్లీ టికెట్ చూపించక్కర్లేదు.

టికెట్ సంగతికొస్తే సియోల్ పద్ధతి నాకు నచ్చింది. 2004లో అక్కడ బస్సుకూ సబ్‌వేకూ కలిపి దూరాన్నిబట్టి ఛార్జీ పెట్టారు. దిగాక 30 నిమిషాల్లో రెండోది ఎక్కితే ఒకే ప్రయాణం కింద లెక్క. రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు గంట గడువు. రాత్రి బస్సు కోసం ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుందని ఆలోచించి పెట్టిన గడువది. టైంటేబుల్ వేసేవాళ్లూ అలాగే ఆలోచించి ఆ ఆఖరి బస్సును ఆపాలి.