పాప ఈతకు అమెరికా స్కాలర్‌షిప్ వస్తుందని పొదుపు ఆపేయవచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం. పన్నెండేళ్లుగా బెంగళూరులో, కె.ఆర్.పురం దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి ఇప్పుడే పదో తరగతిలోకి వచ్చింది, సీబీఎస్ఈ. బ్యాక్‌స్ట్రోక్‌లో రాష్ట్ర స్థాయిలో రెండు పతకాలు వచ్చాయి. ఒకసారి జూనియర్ నేషనల్స్‌లో ఫైనల్ దాకా వెళ్లింది. స్విమ్మింగ్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో చదవాలని దాని కోరిక. మావారికి నెలకు చేతికి 1.9 లక్షలు, నాకు స్కూల్లో 38 వేలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 62 వేలు. కోచింగ్, పూల్ ఫీజు, మీట్‌లకు ప్రయాణాలు, తిండి కలిపి పాప ఈతకే నెలకు 32 వేలు అవుతోంది. సుకన్య ఖాతాలో 14 లక్షలు, పీపీఎఫ్‌లో 11 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 9 లక్షలు ఉన్నాయి. నెలకు 20 వేల సిప్ నడుస్తోంది. ఊళ్లో 35 లక్షలు చేసే స్థలం ఉంది. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు 3 లక్షలు ముందు, తర్వాత వచ్చిన స్కాలర్‌షిప్‌లో కొంత శాతం అడుగుతున్నారు. సిప్ ఆపేసి ఆ డబ్బు కూడా కోచింగ్ మీదే పెడదామని, చదువుకు ఎలాగూ ఖర్చు ఉండదని మావారు అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: సిప్ ఆపకండి. కన్సల్టెన్సీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఈ రెండూ ఈ వారమే తేల్చుకోవాల్సినవి కాబట్టి ముందే చెప్పేశాను. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మీ పాప కల గాల్లో మేడ కాదు. జూనియర్ నేషనల్స్ ఫైనల్‌కు వెళ్లిన పిల్లకు అమెరికాలో ఏదో ఒక స్థాయి కాలేజీ జట్టులో చోటు అడిగే హక్కు ఉంది. పైగా మీరున్నది బెంగళూరులో. శ్రీహరి నటరాజ్ ఇక్కడి పూల్స్‌లో ఈదే టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ధినిధి దేశింఘు 14 ఏళ్లకే పారిస్‌లో ఈదింది. ఆ వాతావరణం మీ పాపకు దొరకడం అదృష్టం. నా భయమల్లా ‘చదువుకు ఎలాగూ ఖర్చు ఉండదు’ అన్న ఒక్క మాట మీదే.

స్విమ్మింగ్‌లో పూర్తి స్కాలర్‌షిప్ అరుదు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏలో పై మెట్టు డివిజన్ 1. అక్కడ 2024-25 వరకు ఒక మహిళా స్విమ్మింగ్, డైవింగ్ జట్టుకు గరిష్ఠంగా 14 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ మాత్రమే ఇచ్చేవారు, పురుషుల జట్టుకు 9.9. ఆ మొత్తాన్ని పాతిక ముప్ఫై మందికి ముక్కలు చేసి పంచేవారు. ఒకరికి 70 శాతం, ఇంకొకరికి 25 శాతం, మరొకరికి పుస్తకాల ఖర్చు మాత్రమే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది. దాని బదులు జట్టులో 30 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. పరిమితి పోయింది కాబట్టి అందరికీ పూర్తిగా ఇస్తారని కొందరు ప్రచారం చేస్తున్నారు. నియమం మారినంత మాత్రాన కాలేజీ ఖజానా పెరగదు కదా. డివిజన్ 2లో జట్టుకు 8.1. డివిజన్ 3లోనూ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ క్రీడా స్కాలర్‌షిప్ అనేదే లేదు. ఎన్‌ఏఐఏ అనే వేరే సంస్థ కింద ఉన్న చిన్న కాలేజీలు మాత్రం ఇస్తాయి. మన దగ్గర వాటి పేరు ఎవరూ ఎత్తరు కానీ, మీలాంటి కుటుంబాలు ముందు వెతకాల్సింది అక్కడే అని నా అభిప్రాయం.

ఎందుకంటారా? లెక్క చూడండి. ఒక కాలేజీలో ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 85,000 డాలర్లు. 70 శాతం స్కాలర్‌షిప్ ఇచ్చారు. బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పుకునేంత ఆఫర్. అయినా మీ మీద ఏడాదికి 25,500 డాలర్లు పడుతుంది. ఇంకో కాలేజీ మొత్తం ఖర్చే 32,000, ఇచ్చింది 50 శాతం. మీ మీద పడేది 16,000. శాతం తక్కువైన చోటే మీకు తొమ్మిదిన్నర వేల డాలర్లు మిగులుతున్నాయి. అందుకే ఏ ఆఫర్ వచ్చినా ‘ఎంత శాతం’ అని అడగడం మానేసి, ‘మేం కట్టాల్సింది ఎంత’ అని అడగండి.

మీరు ఎంత కట్టగలరో కూడా ఇప్పుడే వేసి చూద్దాం. సుకన్య ఖాతాలో నెలకు 8 వేల చొప్పున వేస్తూ పోతే మూడేళ్లలో అది 20 లక్షల దాకా చేరుతుంది. పదో తరగతి పాసైనా, 18 ఏళ్లు నిండినా, పై చదువు అడ్మిషన్ కాగితం చూపించి అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. అంటే 10 లక్షలు. మ్యూచువల్ ఫండ్లలో ఉన్న 9 లక్షలకు మూడేళ్ల సిప్ 7.2 లక్షలు కలిపి, రాబడిని పొదుపుగానే లెక్కేసినా 18 లక్షలు. పాప వెళ్లాక ఇక్కడి ఈత ఖర్చు 32 వేలు ఆగుతుంది, సిప్ 20 వేలు కూడా దీనికే మళ్లించవచ్చు. అందులో నెలకు 40 వేలు పంపినా నాలుగేళ్లకు 19 లక్షలు. మొత్తం 47 లక్షలు. దానికి 20 లక్షల ఎడ్యుకేషన్ లోన్ కలిపితే 67 లక్షలు. ఏడాదికి పదహారున్నర లక్షల పైచిలుకు.

2015లో 65 రూపాయల దగ్గర ఉన్న డాలర్ 2025 చివరికి 90 తాకింది. పాప చదువు నడిచే రోజులకు 100 అనుకుని లెక్క వేయడమే క్షేమం. అప్పుడు మీరు దాటకూడని గీత ఏడాదికి సుమారు 16,000 డాలర్లు. విమాన టికెట్లు, కాలేజీ తప్పనిసరి చేసే ఆరోగ్య బీమా, వీసా ఖర్చులు కూడా ఆ గీత లోపలే. దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించుకోండి. గీత దాటిన ఆఫర్ ఎంత పెద్ద పేరున్న కాలేజీ నుంచి వచ్చినా అది మీది కాదు.

ఈ లెక్కలో పీపీఎఫ్‌నూ, ఊళ్లో స్థలాన్నీ కలపలేదు. కావాలనే కలపలేదు. మీ ఇద్దరికీ రిటైర్‌మెంట్ కోసం కనిపిస్తున్నవి ప్రధానంగా అవే. పాప ఇరవై రెండేళ్లకు చదువు ముగించుకుని వచ్చేసరికి అమ్మానాన్నలు తన మీద ఆధారపడే పరిస్థితి ఉండకూడదు. పైగా వీసాకు ముందు ఐ-20 (వీసాకు కావాల్సిన, కాలేజీ ఇచ్చే పత్రం) కోసం మొదటి ఏడాది ఖర్చులో మీ వాటా చేతిలో ఉన్నట్టు చూపించాలి. బ్యాంకు నిల్వలు, ఎఫ్‌డీలు, మంజూరైన లోన్ చూస్తారు, స్థలం పత్రాలు అక్కడ పెద్దగా పనికిరావు. లోన్ కూడా 20 లక్షలకు మించవద్దు. పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 27 వేలు. చదువుకునే నాలుగేళ్ల వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. పాప బెంగళూరుకే తిరిగొచ్చి ఉద్యోగం చేసుకున్నా తీర్చగలిగే అప్పు అది. ఈ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంటుంది, కొత్త విధానంలో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. డబ్బు విదేశాలకు పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షలు దాటితే టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. బ్యాంకు లోన్ నుంచి నేరుగా వెళ్లే డబ్బుకు అది లేదు. పట్టుకున్నది కూడా రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కాబట్టి దాని గురించి దిగులు వద్దు.

కన్సల్టెన్సీ సంగతి. వచ్చిన స్కాలర్‌షిప్‌లో శాతం తీసుకునే ఒప్పందం ఎన్‌సీఏఏ నియమాలకు విరుద్ధం. పాపకు స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు ప్రతిఫలంగా ఫీజు కడితే పాప ఆడే అర్హతకే ముప్పు. 3 లక్షలు పోవడం కంటే ఇది పెద్ద ప్రమాదం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అసలు వాళ్లు చేసే పనిలో ఎక్కువ భాగం పాప స్వయంగా చేసుకోగలదు. కోచ్‌ల ఈమెయిల్ చిరునామాలు ప్రతి కాలేజీ క్రీడా విభాగం పేజీలోనే ఉంటాయి. డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు. పాప తనే రాయడానికి అప్పటిదాకా ఆగక్కర్లేదు. టైమింగ్‌లు, రేసు వీడియో, మార్కులు, ఎత్తు, ఏ ఏడాది కాలేజీలో చేరుతుందో రాస్తే చాలు.

ఏ కాలేజీకి రాయాలో తెలుసుకునే దారి ఒకటుంది. కోచ్‌కు కావాల్సింది కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) చాంపియన్‌షిప్‌లో పాయింట్లు. ఆ మీట్ ఫలితాలు బయటే దొరుకుతాయి. గత ఏడాది 100, 200 బ్యాక్‌స్ట్రోక్ ఫైనల్స్‌లో చివరి స్థానాల్లో వచ్చినవాళ్ల టైమింగ్ చూడండి. పాప ఆ దరిదాపుల్లో ఉంటే ఆ కోచ్ జవాబు రాస్తాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అమెరికా కాలేజీలు 25 గజాల పూల్‌లో ఈదుతాయి, అంటే 22.86 మీటర్లు. మన పిల్లల టైమింగ్‌లు 50 మీటర్ల పూల్‌వి. దూరం తక్కువ, మలుపులు ఎక్కువ కాబట్టి అక్కడ అంకెలు బాగా చిన్నవిగా కనిపిస్తాయి. గజాల్లోకి మార్చకుండా పోల్చి చూసి ‘మనవల్ల కాదు’ అని వెనక్కి తగ్గిన తల్లిదండ్రులను చూశాను. మార్చి చూసుకోండి. పాప కోచ్‌ను అడిగినా చెబుతారు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలో మీవారికి నా మాటగా చెప్పండి: కోచింగ్ ఖర్చు ఇంకా పెంచడం కంటే పాప చదువు మీద పెట్టే డబ్బు ఎక్కువ రాబడి తెస్తుంది. డివిజన్ 1 అర్హతకు నాలుగేళ్లలో కలిపి 16 ప్రధాన కోర్సుల్లో 2.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉండాలి, తొమ్మిదో తరగతి నుంచి మార్కుల రికార్డు అడుగుతారు. అది కనీస గీత మాత్రమే. అసలు లాభం వేరే ఉంది. మంచి మార్కులున్న పిల్లకు చాలా కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ విడిగా ఇస్తాయి, దాన్ని క్రీడా స్కాలర్‌షిప్‌తో కలిపి లెక్క కట్టేవీ ఉన్నాయి. తక్కువ క్రీడా బడ్జెట్ ఉన్న కోచ్‌కు అలాంటి పిల్ల బంగారం. ఎన్‌సీఏఏ అర్హతకు శాట్ (అమెరికా కాలేజీ ప్రవేశ పరీక్ష) అక్కర్లేదని 2023లోనే తేల్చేశారు, కానీ కాలేజీ మెరిట్ డబ్బుకు అది ఉపయోగపడుతుంది. భుజం గాయం ఈత ఆపగలదు, మెరిట్ స్కాలర్‌షిప్‌ను ఆపలేదు. చదువులో మరీ ముందున్న పిల్లయితే డివిజన్ 3ను కొట్టిపారేయకండి. ఎంఐటీ, ఆమ్హెర్స్ట్ డివిజన్ 3 కాలేజీలే. క్రీడలకు పైసా ఇవ్వవు. కానీ సీటు వస్తే విదేశీ విద్యార్థులకు కూడా కుటుంబ ఆదాయాన్ని బట్టి లోటు మొత్తం పూడుస్తాయి. సీటు రావడం మాత్రం చాలా కష్టం.

ఆఫర్ వచ్చిన రోజు నోటిమాట నమ్మవద్దు. నా దగ్గరకు వచ్చే ఒక కుటుంబం కోచ్ ఫోన్‌లో చెప్పిన మాట మీద ఇక్కడి సీటు వదులుకుంది. ఆ కోచ్ వేరే కాలేజీకి మారాడు. వచ్చిన కొత్త కోచ్‌కు ఆ మాటతో సంబంధం లేదు. ఆ తండ్రి నా ముందు కూర్చుని మాట్లాడలేకపోయిన రోజు నాకింకా గుర్తుంది. సంతకాలున్న ఆర్థిక సహాయ ఒప్పందం చేతికొచ్చాకే అది ఆఫర్. అందులో మూడు సంగతులు చూడండి: ఒక ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుంది, జట్టునే మూసేస్తే ఏమవుతుంది. మూడోది ఊహ కాదు. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ తన పురుషుల, మహిళల స్విమ్మింగ్, డైవింగ్ జట్లు రెండింటినీ ఎత్తేసింది.

అక్కడ పన్ను గురించి ఎవరూ ముందు చెప్పరు. స్కాలర్‌షిప్‌లో ఫీజుకు, పుస్తకాలకు పోయే భాగానికి అమెరికాలో పన్ను లేదు. హాస్టల్, తిండి కోసం ఇచ్చే భాగానికి ఉంది, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. అయితే భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవచ్చు. 2025 ఏడాదికి అది 15,750 డాలర్లు. అంటే అక్కడ 1040-ఎన్‌ఆర్ అనే పన్ను రిటర్న్ వేస్తే పట్టుకున్నదాంట్లో చాలావరకు, ఒక్కోసారి మొత్తం, తిరిగి వస్తుంది. చాలామంది పిల్లలు తెలియక వదిలేస్తున్నారు. ఇంకో మాట, ఎఫ్-1 మీద మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు. సీజన్‌లో వారానికి 20 గంటల దాకా ప్రాక్టీస్ ఉంటుంది. పార్ట్‌టైమ్ సంపాదనను మీ లెక్కలో రూపాయి కూడా వేసుకోకండి.

ఇప్పటి పనులు: సిప్ అలాగే సాగనివ్వండి, కాలేజీకి ఏడాదిన్నర ముందు నుంచి ఈక్విటీ డబ్బును కొంచెం కొంచెంగా డెట్ ఫండ్‌లోకి మార్చండి. ఎమర్జెన్సీ కోసం విడిగా మీరేమీ చెప్పలేదు. ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో లేకపోతే, కన్సల్టెన్సీకి ఇద్దామనుకున్న 3 లక్షలతో అది మొదలుపెట్టండి. పాప అందుకున్న ప్రతి నగదు బహుమతికీ, స్పాన్సర్‌షిప్‌కూ కాగితాలు ఒక ఫైల్‌లో పెట్టండి, రేపు అర్హత పరిశీలనలో అడుగుతారు. పన్నెండో తరగతికి వచ్చాక, ఇక్కడి సీటు దారి కూడా ఉండేలా కర్ణాటక సీఈటీ (ప్రవేశ పరీక్ష) ఫారం వేయించండి, క్రీడా కోటా నిబంధనలు చదివి ఉంచుకోండి.

ఈ లెక్క మీరిద్దరే వేసుకోకండి, పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. పదిహేనేళ్ల పిల్లకు 16,000 డాలర్ల గీత అర్థమవుతుంది. తెల్లవారుజామున ఐదింటికి చల్లనీళ్లలో దూకే పిల్ల అంతకంటే కష్టమైనవే తట్టుకుంటోంది. మొదటి ఒప్పంద కాగితం వచ్చినప్పుడు సంతకానికి ముందు నాకొకసారి పంపండి, కలిసి చదువుదాం.