నల్ల గళ్ళు కనిపిస్తే డిస్‌ప్లే పోయినట్టేనా?

ప్రశ్న: జెడ్80 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ కిట్ ఇంట్లోనే తయారుచేసుకున్నాను. ప్రాసెసర్, మెమరీ, సీరియల్ బోర్డులు బాగానే పనిచేస్తున్నాయి. 16 అక్షరాలు, 2 వరుసల ఎల్‌సీడీ బోర్డు తగిలిస్తే మాత్రం పై వరుసలో నల్లటి గళ్ళు తప్ప ఏమీ రావడం లేదు. బోర్డు పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి, చాలావరకు బోర్డు బాగానే ఉండి ఉంటుంది. పై వరుసలో గళ్ళు వచ్చాయంటే సప్లై, కాంట్రాస్ట్ అందుతున్నాయి, ఆదేశాలే ఇంకా అందలేదు. అసలేమీ కనిపించకపోతేనే కాంట్రాస్ట్ కోసం 3వ పిన్నుకున్న 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పే రెసిస్టర్) తిప్పి చూడాలి.

ఇప్పుడు బోర్డుని కంప్యూటర్ నుంచి పూర్తిగా ఊడదీసి విడిగా పరీక్షించండి. ఈ పని చేయకుండా ప్రోగ్రాం మార్చుకుంటూ కూర్చుంటే తప్పు వైరులో ఉందో ప్రోగ్రాంలో ఉందో ఎప్పటికీ తేలదు. ముందుగా 1, 2 పిన్నుల్లో గ్రౌండ్ ఏదో, 5 వోల్టులు ఏదో బోర్డు మీద అచ్చు చూసి నిర్ధారించుకోండి, కొన్ని బోర్డుల్లో ఇవి తారుమారుగా ఉంటాయి, సప్లై తిరగేసి ఇస్తే బోర్డు నిజంగానే పోతుంది.

ఇలాంటి బోర్డులు ఎక్కువగా హిటాచీ హెచ్‌డీ44780 అనే కంట్రోలర్ చిప్ పద్ధతిలో నడుస్తాయి కాబట్టి ప్రోగ్రాం లేకుండా చేత్తోనే ఆదేశాలు ఇవ్వొచ్చు. వచ్చేది ఆదేశమా అక్షరమా చెప్పే ఆర్ఎస్ (4), రాయడమా చదవడమా చెప్పే ఆర్‌డబ్ల్యూ (5) పిన్నులు గ్రౌండ్‌కి కలపండి. ఎనేబుల్ (E) పిన్నుకి (6) 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో గ్రౌండ్, పుష్ బటన్‌తో 5 వోల్టులు ఇవ్వండి. డేటా పిన్నులు డీ7 నుంచి డీ0 వరకు వరసగా 00111000 (1 అంటే 5 వోల్టులు, 0 అంటే గ్రౌండ్) పెట్టి బటన్ నొక్కితే గళ్ళు మాయమవుతాయి, తర్వాత 00001111 పెట్టి నొక్కితే మూలలో కర్సర్ మిణుకుమంటుంది. ఆర్ఎస్‌ని 5 వోల్టులకి మార్చి 01000001 ఇవ్వండి, ఇంగ్లిష్ 'ఎ' అక్షరం వస్తుంది. ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు వచ్చినా కంగారు లేదు, బటన్ లోపలి రేకు అదరడం వల్ల అలా అవుతుంది. సున్నా కావాల్సిన పిన్నుల్ని మాత్రం ఖాళీగా వదలొద్దు, గ్రౌండ్‌కి కలిపితేనే సున్నా, వదిలేసిన డేటా పిన్నుని బోర్డు 1గానే చదువుకుంటుంది.

అక్షరం కనిపించిందంటే బోర్డు మంచిదే, ఇక తప్పు కంప్యూటర్‌కి కలిపిన చోటో ప్రోగ్రాంలోనో ఉంది, నా అనుమానం ఎనేబుల్ పిన్ను మీదే. జెడ్80 ఇచ్చే ఐఓఆర్‌క్యూ (పోర్టుని పిలిచేది), డబ్ల్యూఆర్ (రాయమనేది) సిగ్నళ్ళు సున్నాకి దిగినప్పుడు పనిచేస్తాయి, ఎనేబుల్ పిన్నుకేమో పైకి లేచే పల్స్ కావాలి, ఆ పల్స్ తిరిగి కిందికి దిగేటప్పుడు బోర్డు డేటా తీసుకుంటుంది. కాబట్టి పోర్టు నంబరు గుర్తుపట్టే అడ్రస్ డీకోడర్‌తో పాటు మధ్యలో ఇన్‌పుట్లన్నీ సున్నా అయితేనే 1 ఇచ్చే నార్ గేటు ఉండాలి. అడ్రస్‌లో చివరి బిట్ అయిన ఏ0 లైనుని ఆర్ఎస్‌కి ఇస్తే ఆదేశాలకొక పోర్టు, అక్షరాలకొక పోర్టు దొరుకుతాయి. ఆర్‌డబ్ల్యూని గాలిలో వదిలేశారేమో కూడా చూడండి, అలా వదిలితే ప్రాసెసర్ రాస్తున్న సమయంలోనే బోర్డు కూడా అవే డేటా లైన్ల మీద తన డేటా పెట్టి రెండూ కొట్టుకుంటాయి.

ప్రశ్న: నా బోర్డులో అక్షరాలు వస్తున్నాయి కానీ స్క్రీన్ తుడిచిన ప్రతిసారీ మొదటి కొన్ని అక్షరాలు ఎగిరిపోతున్నాయి. రీసెట్ నొక్కినా లాభం లేదు.

జవాబు: మీ ప్రోగ్రాం బోర్డుకి ఊపిరి తీసుకునే టైం ఇవ్వడం లేదు. మామూలు ఆదేశానికి 37 మైక్రోసెకన్లు చాలు గానీ స్క్రీన్ తుడవడానికి 1.52 మిల్లీసెకన్లు పడుతుంది, 4 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అది 6 వేల క్లాకులకు పైమాటే, ఆలోగా పంపినవన్నీ పోతాయి. ఆలస్యం కోసం ఒక లూప్ పెట్టండి, లేదా ఆర్‌డబ్ల్యూ కూడా సరిగ్గా కలిపి డీ7లో బోర్డు ఇంకా పనిలో ఉందని చెప్పే బిజీ గుర్తు చదివి అది సున్నా అయ్యాకే తర్వాతిది పంపండి, నేనైతే రెండోదే చేస్తాను. ఇక రీసెట్ సంగతి, ఈ బోర్డుకి రీసెట్ పిన్నే లేదు, అందుకే ప్రోగ్రాం మొదట్లో 15 మిల్లీసెకన్లు ఆగి 00110000ని మూడుసార్లు పంపాలి, మొదటిదాని తర్వాత 4.1 మిల్లీసెకన్లు, రెండోదాని తర్వాత 100 మైక్రోసెకన్లకు తగ్గకుండా ఆగితే చాలు.