బస్సెక్కే ముందు: పెడల్ స్టీల్ వాయించే మేనకోడలికి

అమ్ములూ,

నీ మెసేజ్ చూశాను. ఒకపక్క మే నుంచి అక్టోబరు దాకా టూర్‌కి రమ్మని ఆ బ్యాండ్ నుంచి పిలుపు. ఇంకోపక్క కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో ఇప్పుడిప్పుడే డెమో సెషన్లకి (కొత్త పాటల నమూనా రికార్డింగులకి) నీ పేరు గుర్తొచ్చి ఫోన్ చేస్తున్నారు. వెళ్తే ఇవి పోతాయేమో, ఉంటే అది పోతుందేమో అని టెన్షన్. మీ అమ్మని అడిగితే మాట చదువు మీదికి మళ్లుతుందని నాకు రాశావు. సరే. నేను పెద్ద పేరున్నవాణ్ణి కాదు. పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రుళ్లూ వారాంతాలూ స్టీల్ వెనక, అంటే తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ, కాలి పెడల్స్‌తో స్వరం మారుస్తూ వాయించే ఈ గిటార్ వెనక కూర్చున్నవాణ్ణి. కానీ ఈ ఊళ్లో ఎవరు నిలబడ్డారో, ఎవరు సామాను సర్దుకుని వెళ్లిపోయారో చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే ముందే చెప్పేస్తున్నా: వెళ్లు. ఎలా వెళ్లాలో మాత్రం ఈ ఉత్తరమంతా చదివి వెళ్లు.

స్టూడియో గొప్పది, టూర్ తక్కువది అనే మాట ఇక్కడ చాలామంది నోట వింటావు. పట్టించుకోకు. స్టీల్ వాయించిన పెద్దలనే చూడు, అందరూ గాయకుల వెనకో, బ్యాండ్లతోనో తిరిగినవాళ్లే. బడ్డీ ఎమన్స్ కుర్రాడిగా ఉన్నప్పుడు లిటిల్ జిమ్మీ డికెన్స్‌తో తిరిగాడు, తర్వాత ఎర్నెస్ట్ టబ్, రే ప్రైస్‌ల వెనక వాయించాడు. నువ్వు రోజూ వాయించే ఈ-నైన్త్ ట్యూనింగ్‌లో (తీగల శ్రుతి అమరికలో) మొదటి రెండు తీగలూ 1962లో ఆయన చేర్చినవే. డాన్ డగ్‌మోర్ లిండా రోన్‌స్టాట్, జేమ్స్ టేలర్‌లతో ఏళ్ల తరబడి తిరిగాకే నాష్‌విల్ వచ్చి సెషన్లలో స్థిరపడ్డాడు. సెషన్లతో క్షణం తీరిక లేని పాల్ ఫ్రాంక్లిన్ కూడా డైర్ స్ట్రెయిట్స్ 1991 ఆల్బమ్‌లో వాయించి, వాళ్లతో ప్రపంచమంతా తిరిగొచ్చాడు. రాల్ఫ్ మూనీ దాదాపు రెండు దశాబ్దాలు వేలన్ జెన్నింగ్స్ వెనకే ఉన్నాడు. నార్మ్ హామ్లెట్ దశాబ్దాల పాటు మెర్ల్ హాగర్డ్ బ్యాండ్‌ని నడిపాడు. వీళ్లలో ఎవరిని తక్కువంటాం?

రెండూ వేరువేరు ఉద్యోగాలు, అంతే. స్టూడియోలో నీకు డబ్బిచ్చేది ఏం వాయించాలో నువ్వే కనిపెట్టినందుకు. రోడ్డు మీద ఇచ్చేది వేరేవాళ్లు కనిపెట్టినదాన్ని ప్రతి రాత్రీ అంతే శ్రద్ధగా వాయించినందుకు. ఒకదాని అలవాటు రెండోదాంట్లోకి తెచ్చుకున్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ముందు స్టూడియో సంగతి. టూర్ నుంచి వచ్చాక మళ్లీ అక్కడికే వస్తావు కదా. పొద్దున పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, ఒక్కో సెషన్ మూడు గంటలు అనే పద్ధతి నీకు తెలిసిందే. రచయిత గిటార్ మీద పాడుకున్న ముడి రికార్డింగ్ ఒకసారి వినిపిస్తారు. సెషన్ లీడర్ నంబర్ చార్టు పంచుతాడు, పాటలోని కార్డ్‌లని (కలిపి మోగే స్వరాలని) అంకెల్లో రాసిన కాగితం. జోర్డనేర్స్ గాయక బృందంలో పాడిన నీల్ మాథ్యూస్ మొదలుపెడితే, చార్లీ మెకాయ్ ఊరంతటికీ అలవాటు చేసిన పద్ధతి అది. గాయకుడి గొంతు కోసం చివరి నిమిషంలో శ్రుతి మార్చినా అంకెలు మారవు, అదే దాని సుఖం. ఆ ముడి రికార్డింగ్ మోగుతున్నప్పుడు చుట్టూ చూడు. చాలామంది చార్టు మీద వంగి అంకెలు సరిచూసుకుంటూ ఉంటారు. నువ్వు మాటలు విను. గాయని ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది, ఏ మాట దగ్గర గొంతు సాగుతుంది, కథ ఏ చరణంలో మలుపు తిరుగుతుంది, చార్టు అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. కార్డ్‌లు ఎలాగూ కాగితం మీదే ఉన్నాయి.

చిన్నప్పుడు వీణ క్లాసు ఎగ్గొట్టి కచేరీలకి నాతో వచ్చేదానివి. పల్లవి పాడుతున్నప్పుడు వయొలిన్ ఆయన ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకో. గొంతు ఉన్నంతసేపూ నీడలా ఉండి, అది ఆగిన చోట అందుకుంటాడు. కంట్రీ పాటలో స్టీల్ పని కూడా ఆ పక్కవాద్యం పనే. పైగా ఇక్కడ ఫిడిల్, ఎలక్ట్రిక్ గిటార్, పియానో కూడా అవే ఖాళీలకి కాచుకుని ఉంటాయి. అందుకే రికార్డింగ్ మొదలయ్యేలోపే లీడర్‌ని అడిగెయ్యి: మొదటి చరణం ఎవరిది, రెండోది ఎవరిది, ఇంట్రో ఎవరు ఎత్తుకుంటారు? అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు. అడగకుండా అందరి ఖాళీల్లోనూ దూరినవాళ్లని మళ్లీ పిలవరు.

ఏ ఎత్తులో వాయిస్తున్నావో కూడా చూసుకో. హాంక్ విలియమ్స్ పాటల్లో డాన్ హెల్మ్స్‌ని విను. ఆయన దగ్గర పెడల్స్ కూడా లేవు. అయినా గొంతుకి బాగా పైన, సన్నగా, పదునుగా మోగుతాడు, గొంతుని ఎక్కడా తాకడు. 1964లో బక్ ఓవెన్స్ ‘టుగెదర్ అగైన్’లో టామ్ బ్రమ్లీ సోలో విను. వేగం చూపించే చోటు ఒక్కటీ లేదు, అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా స్టీల్ నేర్చుకునేవాళ్లు దాని దగ్గరికే వస్తున్నారు. ఇక ఏ, బీ అనే రెండు పెడల్స్ కలిపి నొక్కి వదిలే ఆ ఊపు ఉంది చూడు, దాన్ని పొదుపుగా వాడు. 1954లో వెబ్ పియర్స్ ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ మోగుతున్న తీగని పెడల్‌తో పైకి లాగినప్పటి నుంచీ అది వినబడితే చాలు, జనం కంట్రీ అని గుర్తుపడతారు. అందుకే కొత్తవాళ్లు దాన్ని ప్రతి లైను చివరా అతికిస్తారు. పాటకి ఒకటో రెండో చాలు.

శ్రుతి గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. నీ చెవి వీణ మీద తయారైంది. తంబురాలో దానంతటదే పలికే స్వయంభూ గాంధారం నీకు సహజం. అది పియానో గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు (అరస్వరానికి వంద సెంట్లు) తక్కువ. స్టీల్ ఒంటరిగా మోగినప్పుడు గాంధారం పలికే మూడో తీగ, ఆరో తీగ అలా కొంచెం దింపి పెట్టుకుంటే కార్డ్ తేనెలా ఉంటుంది. అదే పియానో పక్కన పెడితే నువ్వే తప్పు శ్రుతిలో ఉన్నట్టు వినబడుతుంది, చేతులన్నీ నీ వైపే చూపిస్తాయి. ట్రాక్‌లో కీబోర్డు గట్టిగా ఉంటే ఆ తేడాలో సగమైనా తగ్గించుకో. పెడల్స్ నొక్కినప్పుడు చెక్క వంగి మిగతా తీగలు కొద్దిగా దిగుతాయి, అది కూడా లెక్కలో వేసుకో. ట్యూనర్‌లో ఎవరో ఇచ్చిన అంకెలు మక్కికి మక్కి దించుకోవడం కంటే నీ వాద్యానికి నీ లెక్క నువ్వు రాసిపెట్టుకోవడం మేలు.

ఇంటి నుంచి ఫైళ్లు పంపే పనులు టూర్‌లో ఉన్నా చేసుకోవచ్చు. ప్రతిధ్వనిలా వినిపించే రివర్బ్ వేసి పంపకు, వాళ్లు వేసుకుంటారు. నీకు నచ్చిన టేక్ ఒకటి, అందులో సగం స్వరాలతోనే వాయించింది ఇంకోటి పంపు. చాలాసార్లు ఆ రెండోదే వాడతారు.

ఇప్పుడు రోడ్డు. నీకు కష్టమయ్యేది వాయించడం కాదు. రికార్డులో ఎవరో వాయించిన ఇంట్రోని స్వరం తప్పకుండా వాయించాల్సి రావడం నీకు చిరాకు తెప్పిస్తుంది, నాకు తెలుసు. నువ్వు అంతకంటే మంచి లైను అల్లగలవు. అయినా సరే, ఆ ఇంట్రో మొదటి స్వరాలకే వెనక వరసల్లో జనం కేకలు వేస్తారు. వాళ్లు డబ్బిచ్చి వచ్చింది దాని కోసమే. రికార్డు దగ్గర పెట్టుకుని ఏ ఫ్రెట్ దగ్గర, ఏ తీగల మీద వాయించారో పట్టుకో. అదే స్వరం వేరే చోట దొరికినా రంగు మారిపోతుంది. నీ సొంత మాట చెప్పుకునే చోటు పాటల మధ్యలోనో, నెమ్మది పాట సోలోలోనో దొరుకుతుంది. బ్యాండ్‌లీడర్ నిన్ను నమ్మాక అది ఇంకొంచెం పెరుగుతుంది. ఆ నమ్మకం కుదిరేదాకా ఆగు.

చెవుల్లో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు, వాటిలో టక్‌టక్‌మని లయ చెప్పే క్లిక్ ఉంటాయి. గాయని గొంతు నీ చెవుల్లో అన్నిటికంటే పైన పెట్టించుకో, నీ స్టీల్ దాని కింద. నీది నీకు గట్టిగా వినబడితే వాల్యూమ్ పెడల్ మీద కాలు తెలియకుండానే వెనక్కి వస్తుంది, హాల్లో నువ్వు మాయమైపోతావు.

సామాను సంగతి. వేసవిలో ఫెయిర్లలో ఎండ నేరుగా స్టేజీ మీద పడుతుంది. సౌండ్‌చెక్‌లో చేసిన శ్రుతి షో దాకా నిలవదు. మధ్యాహ్నం అయితే వాద్యం మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంచు. మూడో తీగ, ఆ సన్నటి పదకొండు గేజ్‌ది, అన్నిటికంటే ముందు తెగుతుంది. తెగేదాకా చూడకుండా నాలుగైదు షోలకోసారి మార్చెయ్యి, డజను దగ్గర ఉంచుకో. వాల్యూమ్ పెడల్‌లో పాట్ (శబ్దం పెంచి తగ్గించే భాగం) అరిగి గరగరమనడం మొదలుపెడితే ఆ రాత్రికి నీ పని అయిపోయినట్టే, కాబట్టి రెండో పెడల్ తప్పనిసరి. రెండో బార్, పిక్స్ ఇంకో సెట్టు, పెడల్ రాడ్స్ రెండు ఎక్కువ. ఏ రాడ్ ఏ పెడల్‌దో రంగు టేపు చుట్టి గుర్తు పెట్టు. చీకట్లో, చలిలో, పది నిమిషాల్లో బిగించాల్సిన రోజు వస్తుంది. విమానం ఎక్కాల్సి వస్తే రెండు ట్యూనింగ్‌లకి రెండు తీగల వరసలున్న నీ డబుల్ నెక్ కేసుతో కలిపి మామూలు 23 కిలోల హద్దు దాటిపోతుంది. కాళ్లు, పెడల్ బార్, రాడ్స్ విప్పి బట్టల పెట్టెలో పెట్టు. నన్నడిగితే టూర్‌కి ఈ-నైన్త్ సింగిల్ నెక్ చాలు. సీ-సిక్స్త్ నెక్ ఆ బ్యాండ్ పాటల్లో ఎక్కడా రాదు, దాన్ని మొయ్యడం దండగ.

బస్సు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. బంక్‌లో పాదాలు డ్రైవర్ వైపు పెట్టి పడుకో. సడన్ బ్రేక్ పడితే ముందు తగిలేది కాళ్లు కావాలి, తల కాదు. బస్సు టాయిలెట్ ఒకటికి మాత్రమే, ఈ నియమం అతిక్రమించినవాళ్ల పేరు ఊళ్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఫోన్లో మాట్లాడాలంటే బస్సు ఆగాక దిగి మాట్లాడు. ఆడపిల్లవి కాబట్టి హోటల్ గది విడిగా ఇస్తారా, ఎవరితో పంచుకోవాలి అనేది బయల్దేరకముందే తేల్చుకో, మొహమాటపడకు. బార్బరా మాండ్రెల్ పదమూడేళ్ల వయసులో స్టీల్ పట్టుకుని జానీ క్యాష్, ప్యాట్సీ క్లైన్‌ల టూర్‌లో తిరిగింది. ఈ వాద్యం ముందు ఆడపిల్ల కూర్చోవడం కొత్తేమీ కాదు, ఎవరైనా ఆశ్చర్యపోతే అది వాళ్ల సమస్య.

డబ్బు మాటలు నోటితో అనుకుని వదిలెయ్యకు. షోకి ఇంత అంటే, షో లేని ప్రయాణపు రోజుకి ఎంత? రిహార్సల్స్‌కి ఇస్తారా? రోజువారీ తిండి ఖర్చు విడిగానా, అందులోనేనా? టీవీలో వాయిస్తే దానికి వేరే చెల్లింపు ఉంటుంది, లోకల్ 257, అంటే ఇక్కడి సంగీతకారుల యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే రేట్లు చెప్తారు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: స్టీల్ ఒక్కటేనా, డోబ్రో (లోహపు మూతున్న స్లైడ్ గిటార్), అకూస్టిక్ గిటార్, వెనక గొంతు కూడా కావాలా? ఇప్పుడు చాలా బ్యాండ్లు ఒక్క జీతానికి ఇవన్నీ ఆశిస్తాయి. ఒప్పుకోవద్దని అనను, ముందే తెలిసి ఒప్పుకోమంటాను.

ఇక నీ అసలు భయం, డెమోలు పోతాయని. నువ్వు లేనన్నాళ్లూ నీ బదులు ఎవరు వెళ్తారో నువ్వే చెప్పు, నీ అంత బాగా వాయించేవాళ్ల పేరే చెప్పు. నీకంటే బాగా వాయించేవాళ్లయితే ఇంకా మంచిది. కొంచెం నాసిరకంవాళ్లని పంపితే నీ చోటు భద్రంగా ఉంటుందని ఇక్కడ కొందరు లెక్కలు వేస్తారు. రోజంతా సెషన్ పాడైపోయాక ఆ లీడర్‌కి గుర్తుండేది ఎవరిని పంపావన్నదే. మంచివాళ్లని పంపితే, ఖాళీ వచ్చినప్పుడు వాళ్లు నీ పేరు చెప్తారు. ఇక్కడి బ్రాడ్‌వే వీధి బార్లలో నువ్వు వాయించే ఆ నాలుగు గంటల షిఫ్టు కూడా అలాగే ఇంకొకరికి అప్పగించు, అక్టోబరు తర్వాత తిరిగి ఇమ్మని ఇప్పుడే మాట తీసుకో. టూర్ బస్సులు చాలావరకు వారాంతాలకే బయల్దేరి సోమవారానికి నాష్‌విల్ చేరతాయి. ఈ బ్యాండ్‌ది కూడా అంతే అయితే మంగళ, బుధవారాలు డెమోలకి నీకు మిగులుతాయి. తేదీల జాబితా అడిగి చూడు, నువ్వు అనుకున్నంత నష్టం ఉండకపోవచ్చు.

ఇవాళ రాత్రి బ్యాండ్‌లీడర్‌కి ‘వస్తాను’ అనే ఒక్క మాట రాసి, ఈ ప్రశ్నలన్నీ కింద పెట్టు. పంపేముందు నాకు ఒకసారి చూపించు. నా పాత గుడ్రిచ్ వాల్యూమ్ పెడల్‌లో కొత్త పాట్ వేయించి ఉంచాను, శనివారం వచ్చి పట్టుకెళ్లు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, కానీ తేదీలూ డబ్బూ కాగితం మీదికి వచ్చాకే. అంతవరకు నువ్వూ నోరు విప్పకు.

మావయ్య