మలక్కాలో ఒక్కరోజు: అమ్మానాన్నల్ని తీసుకెళ్లే ముందు

చి. శిరీషకు మావయ్య ఆశీస్సులు.

అక్కనీ బావగారినీ కౌలాలంపూర్ నుంచి మలేషియాలోనే ఉన్న మలక్కా తీసుకెళ్దామనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. పాత ఊరు చిన్నదే. చూడాల్సినవన్నీ నదికి అటూ ఇటూ, నడిచిపోయే దూరంలో ఉంటాయి. అయినా చాలామంది "ఏముందక్కడ, ఎండ తప్ప" అంటూ తిరిగొస్తారు. పదకొండున్నరకి బస్సు దిగి, నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని కొండెక్కి, ఒంటిగంటకి అన్నం కోసం వరసలో నిలబడి, నాలుగింటికి బస్సెక్కేస్తే ఇంకేం కనిపిస్తుంది! ఆ ఊరిని ఎండని బట్టి చూడాలి. పొద్దున్నే కొండ, మధ్యాహ్నం నీడపట్టు, ఎండ వాలాక గుళ్లు, దీపాలు పెట్టాక జాంకర్ వీధి. ఈ వరస తప్పకు.

వెళ్లేది శనివారం పెట్టుకో. జాంకర్ వీధిలో రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే జరుగుతుంది, సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. ఆదివారం వెళ్తే సాయంత్రం కౌలాలంపూర్ కార్లన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి, పైగా పొద్దున చర్చిలో ప్రార్థనలుంటాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మసీదులోకి సందర్శకుల్ని రానివ్వరు. వారం మధ్యలో అయితే జాంకర్‌లో చాలా దుకాణాల తలుపులు మూసి ఉంటాయి.

బస్సు టీబీఎస్ నుంచి, అంటే బందర్ తాసిక్ సెలాతన్ స్టేషన్ పక్కనున్న టెర్మినల్ నుంచి. దూరం 145 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రెండు నుంచి రెండున్నర గంటలు. టికెట్ మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు వేస్తారు కాబట్టి ముగ్గురి పాస్‌పోర్టులూ దగ్గర పెట్టుకో. ఏడింటి బస్సు పట్టుకుంటే మంచిది. అక్కడ తెల్లవారడమే ఏడు దాటాక కాబట్టి "ఇంత చీకట్లోనా" అని అక్క అంటుంది, పట్టించుకోకు. తిరుగు టికెట్ కూడా అప్పుడే కొను. చివరి బస్సు ఎన్నింటికో చూసి, దాని ముందు బస్సు తీసుకో. శనివారం రాత్రి చివరి బస్సు మీద ఆశ పెట్టుకోకూడదు. బస్సులో ఏసీ ఒణికిస్తుంది, అక్కకి శాలువా ఉండాలి.

బస్సు ఆగేది మలక్కా సెంట్రల్లో. పాత ఊరు అక్కడికి నాలుగైదు కిలోమీటర్లు. 17వ నంబరు సిటీ బస్సుంది గానీ పెద్దవాళ్లతో గ్రాబ్ (ఫోన్లో పిలిచే టాక్సీ) మేలు. ఇక్కడొక పొరపాటు జరుగుతుంటుంది. ఫోన్లో కోట పేరు "ఏ ఫమోసా" అని కొడితే కోటకి బదులు అలోర్ గజాలో అదే పేరున్న రిసార్టు రావచ్చు. అది ఊరికి చాలా దూరం. "పోర్టా ద సాంటియాగో" అని కొట్టి, మ్యాపులో అది నది దగ్గరే ఉందో లేదో చూసుకున్నాకే కారు పిలు.

ఆ పోర్టా ద సాంటియాగో కోటగుమ్మం ఒక్కటే. 1511లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ మలక్కాని పట్టుకుని కట్టించిన కోటలో మిగిలింది అదే. 1641లో డచ్చివాళ్లు వచ్చారు. గుమ్మం నెత్తిన చెక్కిన 1670 వాళ్లదే, బావగారికి చూపించు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు 1807లో కోటని కూలగొట్టడం మొదలుపెట్టారు. వాళ్ల అధికారే అయిన రాఫెల్స్ అడ్డుపడబట్టి ఈ గుమ్మం దక్కింది. ఒకప్పుడు సముద్రం దాదాపు ఇక్కడిదాకా ఉండేది. ఎదురుగా కనిపించే షాపింగ్ మాల్స్ పూడ్చిన నేల మీద లేచినవి. ఆ సంగతి చెప్పకపోతే, ఊరి మధ్యలో సముద్రపు కోటేమిటని ఆయన అడుగుతారు.

గుమ్మం వెనకే మెట్లు. అక్క మోకాళ్లకి ఇదొక్కటే పరీక్ష. మెట్ల ఎత్తు ఒక్కలా ఉండదు, వాన పడితే జారతాయి. పదిన్నరలోపు, ఆగి ఆగి ఎక్కించు. పైన సెయింట్ పాల్స్ చర్చికి కప్పు లేదు, గోడలే ఉన్నాయి. 1521లో పోర్చుగీసువాళ్లు చిన్న ప్రార్థనాలయంగా కట్టారు. క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని గోవాకి తీసుకెళ్లేముందు 1553లో కొన్నాళ్లు ఇక్కడే ఉంచారు. గోవాలో బావగారు చూసిన చర్చి ఈ కథకి రెండో సగం. లోపల గోడలకి ఆనించి నిలబెట్టిన మనిషెత్తు సమాధిరాళ్లు చూడండి. పక్కవాటంగా వెలుగు పడ్డప్పుడు వాటి మీది ఓడలు, కపాలాలు, డచ్చి అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నపు వెలుగులో చెక్కడమంతా చదునైపోతుంది. పొద్దున్నే కొండెక్కమనడానికి ఇది రెండో కారణం.

ఎక్కిన వైపు దిగొద్దు. అవతలి వైపు మెట్లు నేరుగా ఎర్రభవనాల చౌక్‌కి దింపుతాయి. 1650లో డచ్చి గవర్నరుకోసం కట్టిన స్టాట్‌హౌస్, పక్కన 1753లో పూర్తయిన క్రైస్ట్ చర్చి. రెండూ మొదట తెల్లగా ఉండేవి, ఎరుపు ఇంగ్లీషువాళ్ల కాలంలో వేసింది. చర్చిలో తలెత్తి దూలాలు చూడమను. ఒక్కోటి పదిహేను మీటర్లు, అతుకు లేకుండా ఒకే చెట్టులోంచి తీసినవి. నేలమీద ఆర్మీనియన్ అక్షరాల సమాధిరాళ్లుంటాయి. ఎక్కడెక్కడి వర్తకులు ఈ ఊళ్లో పోయారో చెప్పేవి అవే. చౌక్‌లో బొమ్మలతో, పూలతో, మోతెక్కే పాటలతో సైకిల్ రిక్షాలు నిలబడి ఉంటాయి. అక్కకి సరదాగా ఉంటుంది, ఎక్కించు. మనిషికా, బండికా, ఎన్ని నిమిషాలు, ఎక్కడ దింపుతాడు, ఈ నాలుగూ తేల్చుకున్నాకే ఎక్కండి. తిరుగుతూ పైకెళ్లే టవరు, ఓడ ఆకారపు మ్యూజియం ఈసారికి వదిలెయ్యి.

ఇక తిండి. మాంసం తినేవాళ్లకి ఊరంతా విందే. బావగారు శాకాహారి కదా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్కడి వంటల్లో చిక్కు మాంసంతో కాదు, బెలచాన్‌తో. రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి ఎండబెట్టిన ముద్ద అది. సంబల్ అనే మిరపకాయ పచ్చడిలో, కూరల్లో, ఆకుకూర వేపుడులో కూడా వేస్తారు. కంటికి కనిపించదు. ఒట్టి తోటకూర వేపుడని తెప్పించుకుంటే అందులోనూ ఉంటుంది. నాసి లెమాక్‌లో అన్నం కొబ్బరిపాలదే గానీ పక్కన ఎండు నెత్తళ్లుంటాయి. న్యోన్యా లక్సా అనే నూడుల్స్ పులుసు మసాలా ముద్దలో ఎండు రొయ్యలు నూరతారు. "వెజిటేరియన్" అంటే మాంసం ముక్కలు తీసేసి ఇవ్వడమని అనుకునేవాళ్లుంటారు. అందుకని మలయ్‌లో విడివిడిగా చెప్పు: "తక్ మకాన్ దగింగ్, ఆయమ్, ఇకాన్, ఉదాంగ్, బెలచాన్." మాంసం, కోడి, చేప, రొయ్య, బెలచాన్ తినరని. గుడ్డుకి "తెలూర్" అంటారు. ఉత్త "దగింగ్" అంటే అక్కడ చాలావరకు గొడ్డుమాంసమే, అక్క కూడా గుర్తుపెట్టుకోవాలి. మేకకి "కాంబింగ్".

భోజనానికి పదకొండున్నరకే కూర్చోండి, పన్నెండున్నరైతే ఎక్కడ చూసినా వరసలే. చౌక్ నుంచి పది నిమిషాలు నడిస్తే లిటిల్ ఇండియా వస్తుంది. అక్కడ అరిటాకు భోజనంలో బావగారు నిశ్చింతగా తింటారు. రోటి చనాయ్ (పొరల పరాఠా) తిన్నా పప్పు ఒక్కటే పొయ్యమని చెప్పండి. అడక్కపోతే చేపల పులుసు, కోడి కూర గరిటెడు కలిపి పోస్తారు. నువ్వూ అక్కా చికెన్ రైస్ బాల్స్ రుచి చూడాలంటే జాంకర్ మొదట్లో, దుకాణం తెరిచిన వెంటనే వెళ్లండి. కోడి ఉడికిన నీళ్లలో అల్లం, వెల్లుల్లితో వండిన అన్నాన్ని వేడి మీదే పెద్ద నిమ్మకాయంత ఉండలు కడతారు. చల్లారితే గట్టిపడి నూనె వాసన వేస్తాయి. మనిషికి ఐదు ఉండలు చాలు, రోజంతా చిల్లర తిండి ఉంది.

మధ్యాహ్నం ఎండలో బయట తిరగొద్దు. ఒంటిగంటనుంచి హీరెన్ వీధిలో బాబా న్యోన్యా మ్యూజియం చూడండి. చైనా వర్తకులు ఇక్కడివాళ్లతో కలిసిపోగా పుట్టిన పెరనాకన్ కుటుంబపు ఇల్లు అది. ముందు నుంచి చూస్తే ఇరుకు, లోపలికి వెళ్తే రైలుపెట్టెలంత పొడుగు, మధ్యమధ్య ఆకాశం కనిపించే వాకిళ్లు. మన మండువా లోగిలిని పొడుగ్గా సాగదీసినట్టుంటుంది. గైడు వెంట వెళ్లే వేళలుంటాయి, ముందే బుక్ చెయ్యి.

బయటికి రాగానే చెండోల్. గిన్నెలో తురిమిన మంచు, చిక్కటి కొబ్బరిపాలు, పాండన్ ఆకు రసంతో పచ్చగా చేసిన పిండి తీగలు, ఎర్ర చిక్కుళ్లు, పైన నల్లటి గులా మెలాకా, అంటే కొబ్బరి బెల్లం పాకం. మంచి చెండోల్‌లో పాకం అడుక్కి జారుతూ తెల్లటి పాలలో గోధుమరంగు చారలు గీస్తుంది, పొగ వాసన చిన్నగా తగులుతుంది. తీగలు పంటికి సాగకుండా మెత్తగా తెగాలి. వెంటనే కలిపి తాగెయ్యాలి, ఐదు నిమిషాలు ఆగితే తీపి నీళ్లే. తీపి తక్కువ కావాలంటే "కురాంగ్ మానిస్" అనాలి. బావగారికి షుగరు కాబట్టి ముగ్గురూ ఒక గిన్నె పంచుకోండి.

ఎండ తగ్గేదాకా ఏదో ఒక మాల్‌లో గంటసేపు కూర్చోండి. చాలా రోజుల్లో మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఉరుములతో వాన దంచుతుంది. దానికీ ఆ సమయం సరిపోతుంది.

నాలుగున్నరకి తుకాంగ్ ఎమాస్ వీధి, అంటే కంసాలి వీధి. నాకు ఊరంతటిలో ఇదే గొప్ప. ఒక్క వీధి నడకలో గుడి, మసీదు, చైనా గుడి. శ్రీ పొయ్యాత వినాయకమూర్తి గుడి 1781 నాటిది, డచ్చివాళ్లిచ్చిన స్థలంలో కట్టారు. ఈ గుడి మలక్కా చెట్టిలది. వాళ్ల పూర్వీకులు తమిళ వర్తకులు. ఇంట్లో మాట్లాడేది మలయ్, కొలిచేది మన దేవుళ్లని. గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, అందుకే ఈ వేళ చెప్పాను. పక్కనే 1748లో మొదలైన కంపుంగ్ క్లింగ్ మసీదు. మూడంతస్తుల గోపురంలాంటి కప్పు, పగోడాలాంటి మినారు. బావగారికి ఆ పేరు చెప్పి చూడు. "క్లింగ్" వచ్చింది కళింగం నుంచి. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరం నుంచి వచ్చిన ఓడల జ్ఞాపకం ఒక మసీదు పేరులో మిగిలింది. అయితే ఈ మాట ఇప్పుడు అక్కడి భారతీయుల్ని ఉద్దేశించి అంటే తిట్టు కింద లెక్క. మసీదు పేరుగా తప్ప నోటివెంట రానివ్వకండి. కొంచెం ముందుకెళ్తే చెంగ్ హూన్ తెంగ్, మలేషియాలో నడుస్తున్న చైనా గుళ్లలో అతి పాతది. మూడుచోట్లా భుజాలు, మోకాళ్లు కప్పిన బట్టలుండాలి. చెప్పులు విప్పేచోట రాయి కాలుతుంటుంది, సాక్సు తెచ్చుకోండి.

కొనడం సంత మొదలవకముందే, ఐదు నుంచి ఆరున్నరలోపు ముగించు. జనం పెరిగాక వస్తువు తిప్పి చూసే వీలుండదు. ఇంటికి తప్పక తేవాల్సింది గులా మెలాకా. పులియని కొబ్బరి కల్లు కాచి వెదురు గొట్టాల్లో పోసిన బెల్లం. మన తాటిబెల్లానికి అన్నదమ్ముడే. అట్ట మీద పదార్థాల పట్టీ చూడు. "గులా పసిర్" లేదా "గులా తెబూ" అని ఉంటే చక్కెర, చెరకు కలిపారన్నమాట. అసలుది గోటితో గీస్తే పొడిగా రాలుతుంది, చక్కెర ఎక్కువైంది రాయిలా ఉంటుంది. అర కిలో చాలు. తేమకి చెమర్చి కారుతుంది, గాలి చొరని కవర్లో చుట్టు. రొయ్యలు పులియబెట్టిన చించలోక్ సీసా మాత్రం వద్దు. గ్యాసు పట్టి మూత ఎగిరిందంటే పెట్టెలో బట్టలన్నీ పోతాయి.

అక్కకి కాసుత్ మానెక్ చూపించు, న్యోన్యాలు, అంటే పెరనాకన్ ఆడవాళ్లు, పూసలు కుట్టిన చెప్పులు. ఇసకరేణువుల కన్నా కాస్త పెద్దవైన గాజుపూసల్ని చట్రానికి బిగించిన గుడ్డ మీద ఒక్కొక్కటిగా కుడతారు. ఒక జతకి వారాలు పడుతుంది, అందుకే వందల రింగిట్‌లు చెబుతారు. పువ్వు రేకు అంచు దగ్గర కళ్లు పెట్టి చూడాలి. పూస చిన్నదైతే వంపు నున్నగా తిరుగుతుంది, పెద్దదైతే మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. చవకవాటిలో పూసలు పెద్దవి, ఒక్కోసారి అంటించినవి. వేలితో మెల్లగా రుద్దితే కదిలిపోతాయి. బేరం ఆడాలంటే నవ్వుతూ "బోలే కురాంగ్?" (తగ్గిస్తారా) అంటే చాలు. తిండి బండ్ల దగ్గర బేరం ఆడరు.

సూర్యుడు గుంకేది ఏడుంపావు ప్రాంతంలో. ఏడింటికి నది పడవెక్కితే వెళ్లేటప్పుడు వెలుగు, వచ్చేటప్పుడు దీపాలు. ముప్పావుగంట ప్రయాణం, అక్క కాళ్లకి విశ్రాంతి. దారిలో కంపుంగ్ మోర్తెన్ కనిపిస్తుంది, ఊరి నడిబొడ్డున మిగిలిన మలయ్ పల్లె. పడవ అదే దారిన వెనక్కి వస్తుంది కాబట్టి ఎటు కూర్చున్నా ఒకటే.

ఆ తర్వాత జాంకర్ సంత. గంట చాలు. బావగారికి పుతు పిరింగ్ పెట్టించు. బియ్యప్పిండి మధ్యలో గులా మెలాకా పెట్టి ఆవిరికి ఉడికించి కొబ్బరి అద్దుతారు, మన కుడుమే. ఒండే ఒండే (పాకం నింపిన ఉండలు) కూడా ఆయన తినొచ్చు, కానీ సగం కొరక్కూడదు. లోపలి పాకం చొక్కా మీద చిందుతుంది. అనాస టార్ట్‌లలో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పందికొవ్వు వాడతారు, అడిగి కొను. పుల్లలకి గుచ్చినవి మరిగే గ్రేవీలో ముంచి తినే సాతే చెలూప్ కుండలోది వేరుశనగ గ్రేవీయే గానీ అందరి చేపా మాంసమూ అందులోనే ముంచుతారు. ఆయన దాని జోలికి పోవద్దు. చిన్న నోట్లు, మరుగుదొడ్లకి చిల్లర నాణేలు విడిగా పెట్టుకో.

తిరిగొచ్చేటప్పుడు సంత మధ్యలో నిలబడి గ్రాబ్ పిలవకు. వీధి మూసేసి ఉంటుంది, కారు చుట్టూ తిరిగి తిరిగి రద్దు చేసుకుంటుంది. వంతెన దాటి, చౌక్ కూడా దాటి, మాల్ వైపు పెద్దరోడ్డుకి నడిచి అక్కడ పిలు. బస్సుకి గంట ముందే కదలండి. సామాను చేతిలో ఉంటుంది, అక్క అలిసిపోయి ఉంటుంది.

బస్సెక్కాక ఒక మెసేజ్ పెట్టు.

మీ మావయ్య