పాత చారిత్రక ప్రేమ నవలల అట్టబొమ్మకూ లోపలి కథకూ సంబంధం ఉంటుందా?

అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన పాత నవలల గురించి అడిగారు. అట్టల మీద గుర్రాలు, కత్తులు, కౌగిళ్ళు ఉన్నాయి, లోపల కథ కూడా అలాగే ఉంటుందా, ఆ బొమ్మలు ఎలా తయారయ్యేవి, పుస్తకాలు ఉంచుకోవాలా వదిలించుకోవాలా అని మీ ప్రశ్న. కొన్ని తెలుగువి, కొన్ని ఇంగ్లిష్‌వి అన్నారు. హనుమకొండలో మా మేనమామకు అద్దె పుస్తకాల షాపు ఉండేది. సెలవులొస్తే గల్లా దగ్గర నన్నే కూర్చోబెట్టేవాడు. అందుకని ఈ రెండు రకాలూ నా చేతుల మీదుగా చాలానే పోయాయి.

అట్ట చూసి కథ ఏ కాలంలో జరిగిందో చెప్పడం కష్టం. పుస్తకం ఏ కాలంలో అచ్చయిందో మాత్రం ఇట్టే చెప్పొచ్చు. మొహం కింద చెయ్యి అడ్డం పెట్టి రాణిగారి కళ్ళు, జుట్టు మాత్రం చూడండి. చెవుల దాకా లాగిన కాటుక, నడినెత్తిన ఎత్తుగా పఫ్ ఉంటే ఆ రాణి 13వ శతాబ్దపు మనిషి కాదు, 1970ల సినిమా పోస్టర్‌లో నుంచి దిగొచ్చిన మనిషి. రాజుగారికి చెవుల కిందికి దిగిన సైడ్‌లాక్స్ ఉన్నా అంతే లెక్క.

షాపుకి వచ్చేవాళ్ళలో నవల పేరు చెప్పి అడిగేవాళ్ళు తక్కువ. "గుర్రం మీద రాణి ఉన్న బుక్కు వచ్చిందా అన్నా?", "ఎర్రచీర, చేతిల దీపం ఉంటది చూడు, గది ఇయ్యి" అని అడిగేవాళ్ళు. రచయిత పేరు తర్వాత సంగతి. పబ్లిషర్‌కీ ఇది తెలుసు. బస్టాండు స్టాల్‌లో దారానికి వేలాడుతూ దూరం నుంచి కనబడాలి, బస్సు కదిలేలోపు చెయ్యి జేబులోకి పోవాలి. అట్ట పని అంతవరకే. బొమ్మ వేసే ఆయనకు నవల మొత్తం చదివే టైమ్ ఉంటుందన్న నమ్మకం ఏమీ లేదు. చాలా అట్టలు చూస్తే "రాణి, కోట, కొంచెం ప్రేమ" అని ఫోన్‌లో చెబితే వేసినట్టే ఉంటాయి.

షాపు మూసేశాక నా దగ్గరికొచ్చిన వాటిలో కాకతీయుల కాలం కథ ఒకటుంది. పేరున్న పేజీ ఎవరో చింపేశారు, అట్ట మాత్రం మిగిలింది. అది వరంగల్ వాళ్ళు చూడాల్సిన బొమ్మ. కీర్తి తోరణాన్ని కోట సింహద్వారంగా వేశారు. దాని కింద నుంచి సైన్యం దౌడు తీస్తోంది. ఖిలా వరంగల్‌కు వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఆ నాలుగు తోరణాలు స్వయంభూశివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలబెట్టినవి. కోట వాకిళ్ళు వేరే ఉన్నాయి. బొమ్మలో వెనకాల రాణిగారి దర్బారుంది. పెద్ద పెద్ద ఆర్చీలు, ఏటవాలు గోడలు. అచ్చం ఖుష్ మహల్. అది కాకతీయుల పాలన పోయాక కట్టింది. రుద్రమదేవికి ఆ గోడల నీడ కూడా తెలియదు. చిత్రకారుడికి ఎవరో ఖిలా వరంగల్ ఫొటోలు రెండు పంపి ఉంటారు, ఆయన రెంటినీ కలిపి ఒక రాజధాని కట్టేశాడు.

ఆ బొమ్మలో నాకు ఎక్కువ నచ్చేది పొరపాటున వచ్చిన సంగతే. రాణి పెదవుల ఎరుపు కొంచెం కిందికి జారి గడ్డం మీద పడింది. పెదవుల గీత ఒకచోట, రంగు ఇంకోచోట. ఎందుకంటే అప్పటి అట్టలు చాలావరకు బ్లాకులతో అచ్చయ్యేవి. నలుపు గీతలకు ఒక బ్లాకు, ఎరుపుకు ఒకటి, పసుపుకు ఒకటి. ఒకే కాగితం ఒక్కో రంగుకు ఒక్కోసారి మెషీన్ మీదికి ఎక్కాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొట్టు కనుబొమ్మ మీదికి పోతుంది. రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, అందుకే చాలామంది రెండు రంగులతో సరిపెట్టేవాళ్ళు. ఈ లెక్క ఎరిగిన చిత్రకారులు గీత బలం మీదే బొమ్మ నిలబెట్టారు. బాపు గీత అంత పొదుపుగా ఉండడం లైన్ బ్లాకుకు కలిసొచ్చింది. వడ్డాది పాపయ్యది పూర్తిగా వేరే దారి, నీటిరంగుల్లో కరిగిపోయే నీలాలు, ఊదాలు. 'యువ', 'చందమామ' అట్టల మీద ఆయన బొమ్మలు చూసి ఉంటే వెంటనే గుర్తుపడతారు. ఆఫ్‌సెట్ వచ్చాక రంగుల బెంగ తీరింది. కానీ అట్టలు అంతకంతకూ గోలగోలగా తయారయ్యాయనిపిస్తుంది నాకు. అది నా గోల అనుకోండి.

రాణి వేషం సంగతి కూడా చెప్పాలి. వరంగల్ నుంచి రామప్ప ఎంతో దూరం లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలుంటాయి. పొడుగాటి ఒళ్ళు, ముడి వేసిన కొప్పు, ఒంటినిండా నగలు. ఒకామె కాళ్ళకు ఎత్తు మడమల చెప్పుల్లాంటివి కూడా కనిపిస్తాయి. కాకతీయుల కాలపు ఆడవాళ్ళను ఊహించడానికి ఇంతకంటే మంచి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? అయినా అట్టల మీద రాణులకు విరబోసుకున్న జుట్టు, పొట్టిచేతుల జాకెట్, ఉత్తరాది రాజపుత్ర కిరీటం. మదనికల దగ్గరికి పోయి ఒక్క పూట స్కెచ్‌లు వేసుకొచ్చి ఉంటే చాలు.

వయసు ఇంకో తమాషా. ఏ అట్ట చూసినా రుద్రమదేవికి పద్దెనిమిది దాటవు. ఆమె 1262 నుంచి 1289 దాకా ఏలింది. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకున్న అమ్మమ్మ ఆమె. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల ఆమె 1289లో చనిపోయిందని తెలిసింది. ఆ వయసులో కూడా యుద్ధభూమిలో ఉన్న మనిషి మీద అట్టబొమ్మ ఒక్కటీ నా కంటబడలేదు. ప్రేమ నవల కదా, పెళ్ళి దగ్గరే ఆగిపోతుంది అంటారా, సరే.

మరి లోపలి కథలో? అక్కడ పరిస్థితి చాలా నయం. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' మీ పెట్టెలో ఉందేమో చూడండి. బాపిరాజు (1895–1952) స్వయంగా చిత్రకారుడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. తర్వాత హైదరాబాదులో 'మీజాన్' పత్రిక తెలుగు సంచికకు సంపాదకుడిగా ఉన్నాడు. గజదొంగ గన్నారెడ్డి పెళ్ళికొడుకును ఎత్తుకుపోవడం, ఆ పెళ్ళికూతురు అన్నాంబిక తర్వాత ఆ గజదొంగనే ప్రేమించడం, మగవేషంలో పెరిగిన రుద్రమ చాళుక్య వీరభద్రుడి ముందు తడబడడం, ఇదంతా సినిమా కథలాగే ఉంటుంది. కానీ ఒక మనిషి గదిలోకి వస్తే బాపిరాజు ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూస్తాడు, తర్వాత బట్ట రంగు, తర్వాత నగ, ఆ తర్వాతే మాట. వర్ణనలు మరీ ఎక్కువయ్యాయని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. మా మామ కూడా అదే బాపతు. "కథ చెప్పరా బాబూ అంటే చీర చూపిస్తడు" అనేవాడు. నాకు మాత్రం ఆ పుస్తకానికి అట్ట లేకపోయినా పర్లేదనిపిస్తుంది.

'ఏకవీర' ఉంటే ఇంకా మంచిది. మా దగ్గర ఈ పేరు చూసి మొగిలిచర్ల గుడిలో ఉన్న ఏకవీరమ్మ దేవత కథ అనుకుని తీసుకుపోయి, సగంలో తెచ్చిచ్చినవాళ్ళున్నారు. విశ్వనాథ సత్యనారాయణ రాసింది మాత్రం నాయకరాజుల కాలం నాటి మధుర కథ, వైగై నది ఒడ్డున. ఇద్దరు స్నేహితులు ఒకరి ప్రేయసిని ఒకరు తెలియక పెళ్ళి చేసుకుంటారు. కత్తియుద్ధాల కోసం చదివితే నిరాశే. నలుగురు మంచివాళ్ళు, ఎవరి తప్పూ లేదు, ఎవరికీ సుఖం లేదు. ఇలాంటి కథకు అట్ట మీద కౌగిలి వేస్తే అంతకంటే అబద్ధం లేదు.

ఇంగ్లిష్‌వాటి సంగతికొద్దాం. వరంగల్‌లో అవి ఎక్కువగా ఆర్ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) హాస్టళ్ళ నుంచి, యూనివర్సిటీ వైపు నుంచి వచ్చేవి. చదువు అయిపోయి వెళ్ళేటప్పుడు పిల్లలు కట్టలు కట్టి అమ్మేసేవాళ్ళు. మిగతావి హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ నుంచి. పలుచగా, లేతరంగుల అట్టతో, బుట్టగౌనులో సన్నటి అమ్మాయి ఉంటే బార్బరా కార్ట్‌లండ్ అయ్యుండొచ్చు. ఆమె 700కు పైగా పుస్తకాలు రాసింది. అట్ట ఎలాగో కథా అలాగే, పెళ్ళయ్యేదాకా హద్దు దాటదు. ఇళ్ళల్లో భయం లేకుండా చదివేవాళ్ళు.

లావుగా ఉండి, బంగారు అక్షరాలు పొంగి, గాలికి చొక్కా గుండీలూడిన మగవాడు ఒక అమ్మాయిని వెనక్కి వంచి పట్టుకుని ఉంటే అది అమెరికా సరుకు. 1972లో కాథ్లీన్ వుడివిస్ 'ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్' వచ్చి లక్షల్లో అమ్ముడయ్యాక ఈ రకం ఊపందుకుంది. ఆ అట్టలకు మాత్రం పెట్టుబడి గట్టిగా పెట్టేవాళ్ళు. మోడళ్ళకు బట్టలేసి, పోజు పెట్టించి ఫొటోలు తీసి, వాటిని చూసి చిత్రకారులు పెయింటింగ్ వేసేవాళ్ళు. రాబర్ట్ మెక్‌గిన్నిస్, ఎలేన్ డుయిలో, పీనో లాంటివాళ్ళ చెయ్యి చూస్తే పట్టుబట్ట మడత పడ్డచోట వెలుగు ఎంత బాగా పట్టారో తెలుస్తుంది. ఫాబియో అనే ఇటలీ మోడల్ ఒక్కడే వందలాది అట్టల మీద కనిపిస్తాడు. ఒక నవలలో స్కాట్లండ్ వీరుడు, ఇంకో నవలలో సముద్రపు దొంగ, జుట్టు మాత్రం అదే. కొన్నింటికి పైన మర్యాదగా పూలబొమ్మ, ఆ అట్ట తిప్పితే లోపల అసలు కౌగిలి. మా మామ వాటిని మాత్రం న్యూస్‌పేపర్ అట్ట వేసి కింది అరలో పెట్టేవాడు. అందరికంటే ముందు అద్దెకు పోయేవి కూడా అవే.

ఈ అమెరికా నవలల్లో అట్టకూ కథకూ తేడా ఇంకో రకంగా ఉంటుంది. అట్ట మీద ఇద్దరూ ఇష్టపడి దగ్గరైనట్టు ఉంటుంది. లోపల, ముఖ్యంగా 70ల నాటి వాటిలో, హీరో మొదట్లో బలవంతం చేస్తాడు, తర్వాత దాన్నే ప్రేమగా నడిపిస్తారు. వుడివిస్ నవల కూడా అంతే. ఇప్పుడు చదివితే కడుపులో తిప్పుతుంది. ఇంట్లో ఆడపిల్లల చేతికి ఇచ్చే ముందు మీరొకసారి తిరగేయండి.

ప్రేమకథకు బొమ్మ తోడుండడం మనకు పేపర్‌బ్యాక్‌లతో మొదలైంది కాదు. 'క్రీడాభిరామం' అనే పాత తెలుగు కావ్యంలో ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచల్దేవి ఇంట్లో చిత్రశాలా ప్రవేశం జరుగుతుంటే వెళ్ళి చూస్తారు. గోడల మీద దేవతల, మునుల శృంగార కథలు. అప్పటి సంసారులు కూడా మన కస్టమర్ల మాదిరే మొహమాటపడి చూశారో లేదో కవి చెప్పలేదు.

ఇక మీ పెట్టె. అట్టలు చింపి కాలికో గుడ్డ బైండింగ్ చేయించొద్దు. లైబ్రరీలు, అద్దె షాపులు అట్లా చేసే ఎన్నో బొమ్మలు పోగొట్టాయి. మా షాపులోనూ అంతే, ఊడిన అట్టకు మైదా జిగురు పూసేవాళ్ళం, ఆ జిగురుకు పురుగు పట్టేది. సెల్లోటేప్ అసలే వద్దు, కొన్నేళ్ళకు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. ఒక పూట నీడన ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, నిలువుగా కాకుండా పడుకోబెట్టి పెట్టండి. ప్రతి అట్టనూ పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. కింది మూలల్లో సంతకం వెతకండి. 'వపా' అంటే పాపయ్య. బాపు సంతకం ఆయన చేతిరాతే, పోల్చుకోవడం తేలిక. 'చంద్ర' అని ఉంటే ఆ చిత్రకారుడు మన ఉమ్మడి వరంగల్ జిల్లా మనిషి, 2021లో పోయారు. అది మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

అమ్మాలనుకుంటే ఇంగ్లిష్‌వి అమ్మేయండి, కాకపోతే అట్ట బాగున్నవి ఒకటో రెండో ఉంచుకోండి. తెలుగువాటిలో ఒకే నవల రెండు ముద్రణలు ఉంటే రెండూ ఉంచండి. ఒకే రాణి రెండు అట్టల మీద రెండు రకాల జాకెట్లతో దొరుకుతుంది. మొదట చదవడానికైతే 'గోన గన్నారెడ్డి' తీయండి. వర్ణనలు మరీ ఎక్కువైన చోట పేజీ తిప్పేసినా కథ ఎక్కడికీ పోదు.